పందిరి కింద కూర్చున్నవాళ్ళు

చెన్నై దగ్గర తిరువళ్ళూరులో నేను పనిచేసే కంపెనీ తోటలు వేస్తుంది. ఫ్యాక్టరీల ముందు పచ్చిక, అపార్టుమెంట్ల మధ్య పూలమొక్కలు, ఆసుపత్రి గేట్ల పక్కన కుండీలు, ఇవన్నీ మావాళ్ళే నాటి, నీళ్ళు పోసి, కత్తిరించి చూసుకుంటారు. నాది కొనుగోళ్ళ పని. మొక్కలు ఎక్కడ మంచివి దొరుకుతాయి, ఎర్రమన్ను ఎవరు తోలుతారు, కొబ్బరిపొట్టు ఎవరి దగ్గర బాగుంటుంది, ఇవి చూసుకోవాలి. మొక్క చేతికొస్తే వేరు గట్టిగా ఉందా, ఆకు మీద మచ్చ ఉందా అని తిప్పి తిప్పి చూసేదాన్ని. అంతకు మించి చూడాల్సింది ఏదైనా ఉందని నాకు తోచలేదు.

మా పుట్టిల్లు పొదటూరుపేట. నాన్న మగ్గం నేసేవాడు. పెళ్ళయ్యాక తిరుత్తణికి వచ్చాను. పొద్దున లోకల్ రైల్లో తిరువళ్ళూరు పోతాను, సాయంత్రానికి తిరిగొస్తాను. ఇంట్లో తెలుగు, బయట తమిళం, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి నాలుక దానంతటదే మారిపోతుంది. ఇప్పుడు చెప్పబోయే రోజు కూడా అలాగే మారింది కాబట్టి నాకు నిజం తెలిసింది.

సంగతి ఒక కాగితంతో మొదలైంది. విదేశీ యాజమాన్యం ఉన్న ఒక ఫ్యాక్టరీ తన ఆవరణలోని తోటపని మాకు ఇస్తానంది. దానికి ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు రాసి పంపమంది. మీ కంపెనీలో గానీ, మీరు సరుకు కొనే చోట గానీ, ఇష్టం లేకుండా పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారా? మానేసి వెళ్ళాలనుకుంటే వెళ్ళలేనివాళ్ళు ఉన్నారా? ఎవరి గుర్తింపు కార్డులైనా ఇతరుల దగ్గర ఉన్నాయా? ప్రతి ప్రశ్న పక్కనా రెండేసి గడులు. గ్లాసులో టీ చల్లారేలోపే అన్నింటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టి మా మేనేజరు బల్ల మీద పెట్టాను.

ఆయన తిరునిన్రవూరు నుంచి వచ్చే పెద్దమనిషి. వాళ్ళదీ తెలుగు రైతు కుటుంబమే. కాగితం చదివి కళ్ళద్దాలు తీశారు.

“మనకు మొక్కలిచ్చేవాళ్ళలో ఎవురి తోటకైనా పోయి చూసినావామ్మా?”

“లేదు సార్. అందురూ ఏండ్లుగా తెలిసినోళ్ళే గదా.”

“తోట ఓనర్లు తెలుసు. వాళ్ళ కాడ పనిచేసేవాళ్ళు తెలుసునా?”

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను.

“ఒక్క చోటికన్నా పోయి చూసొచ్చినాక సంతకం పెడదాం,” అన్నారాయన.

మేము ఎక్కువ మొక్కలు కొనే నర్సరీ తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు వైపు పోయే దారిలో ఉంది. మెయిన్ రోడ్డు దిగి, మామిడి తోటలు దాటి, మట్టిదారిలో చాలా దూరం లోపలికి పోవాలి. మా చిన్న లారీలోనే వెళ్ళాను. డ్రైవరు మా అత్తగారి ఊరివాడు, వరసకు మామ. దారిలో అడిగాను.

“మామా, లోపల ఎట్లుంటాది?”

“నాకేం తెలుసమ్మా. నాలుగేండ్లుగా లోడుకు వస్తా ఉండాను, ఒక్కసారన్నా లోపలికి పోనీలేదు. బండి గేటు కాడ పెట్టమంటారు. నన్ను రేకుల కొట్టంలో కూసోబెట్టి టీ ఇస్తారు. బయటికొచ్చి చూస్తే బండి నిండిపోయుంటాది.”

“ఎత్తేది ఎవురు?”

“కనపడరు. చెట్లే నడిచొచ్చి ఎక్కినట్టు ఉంటాది.”

అతను నవ్వుతూ అనలేదు.

మేము చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వస్తున్నట్టు ముందు రోజే ఫోన్ చేశాను కదా. తెల్లని పంచె, జేబులో పెన్ను. నెమ్మదైన మనిషి. తెలుగు రాదు, తమిళంలోనే మాట్లాడతాడు. మజ్జిగ ఇచ్చి, మా అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఎప్పుడో ఫోన్లో చెప్పిన మాట గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం వేసింది.

తర్వాత తోట చూపించాడు. అంత శుభ్రమైన తోట నేను చూడలేదు. నూలు పట్టి గీసినట్టు వరసలు. ప్రతి సంచిలోనూ మట్టి తడిగా ఉంది. ఆకుల చివరల నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. అంటే ఎవరో అప్పుడే నీళ్ళు పోశారు. కానీ కనుచూపు మేరలో మనిషి లేడు. బాట మీద రబ్బరు పైపు పడి ఉంది. దాని మూతి నుంచి నీళ్ళు ఆగి ఆగి వస్తుంటే పైపు ఇంకా కదులుతోంది. గట్టు మీద మూడు పారలు, వాటికి పచ్చిమట్టి. ఒక పార పిడి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఎండకు వెచ్చబడిందేమో అనుకుందామంటే అది చెట్టునీడలో ఉంది.

“పనివాళ్ళు లేరా సార్?”

“ఈ రోజు సెలవు ఇచ్చానమ్మా. ఊళ్ళో జాతర. ముగ్గురిని మాత్రం ఉంచాను, మీరు మాట్లాడతారని.”

ఆఫీసు గది పక్కన ఇనుప జాలీ వేసిన చిన్న కొట్టు ఉంది. దానికి తాళం. జాలీలోంచి లోపలికి చూస్తే చెప్పులు. రబ్బరు చెప్పులు, తెగితే పిన్నీసు గుచ్చినవి, ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. ముప్పై జతలకు పైనే. జాతరకు పోయినవాళ్ళందరూ వట్టికాళ్ళతో పోయారా? ఆ ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. ఆయన ఇంకొంచెం మజ్జిగ పోశాడు. తాగేశాను.

ముగ్గురినీ తీసుకొచ్చి నిలబెట్టారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. కాగితంలోని ప్రశ్నలు తమిళంలో అడిగాను. మొదటివాడు, “మాకు ఏ కొరతా లేదు. ఇష్టపడి వచ్చాం. అయ్య బాగా చూసుకుంటారు,” అన్నాడు. రెండోవాడు అవే మూడు మాటలు, అదే వరసలో. ఆమె కూడా అంతే. గొంతులు వేరు, మాట ఒక్కటే. ముగ్గురూ ఒకే చోట ఊపిరి తీసుకున్నారు.

ఆమె తమిళం పలికే తీరు చెవికి కొత్తగా తగిలింది. ఆ మాటలు ఆమెవి కావు. అర్థం తెలియని స్తోత్రం అప్పజెప్పినట్టుంది. నేను తెలుగులోకి మారాను.

“అక్కా, మీది యే ఊరు?”

ఆమె కళ్ళు ఒక్కసారి నా వైపు తిరిగి, వెంటనే నేల మీదికి దిగిపోయాయి. “మాకు ఏ కొరతా లేదు,” అంది తమిళంలో.

“ఈ పొద్దు ఏం వండుకున్నారు?”

“ఇష్టపడి వచ్చాం.”

“అక్కా, నేను తెలుగేలే. నాతో మాట్లాడచ్చు.”

“అయ్య బాగా చూసుకుంటారు.”

పట్టపగలు, ఎండలో నిలబడి, నా వీపు మీద చెమట చల్లబడిపోయింది.

ఎలాగోలా అక్కడి నుంచి కదలాలని, పామ్ మొక్కలు లెక్క చూసుకుంటానని ఓనరుతో చెప్పాను. అవి ఆకుపచ్చ వల కప్పిన పెద్ద పందిరి కింద ఉన్నాయి. ఆయనకు అప్పుడే ఫోన్ వచ్చింది. ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు గానీ నేను అప్పటికే లోపలికి అడుగుపెట్టాను.

వల కింద వెలుతురు చెరువు అడుగున ఉన్నట్టుంది. మొక్కలు నా భుజాల ఎత్తు ఉన్నాయి, దట్టంగా. పిట్ట కూత లేదు. వేలితో లెక్కపెడుతూ నడిచాను. కొంత దూరం పోయాక, గాలి లేకుండానే ఒక చోట ఆకులు కదిలాయి. పిల్లి అనుకున్నాను. వంగి చూశాను. కుండీల మధ్య ఒక పాదం. వేళ్ళ సందుల్లో తడిమట్టి. పక్కనే ఇంకో పాదం. కళ్ళు ఆ వెలుతురుకు అలవాటు పడ్డాక ఒక్కొక్కరే కనిపించారు. వరసల మధ్య, మోకాళ్ళు పొట్టకు ఆనించుకొని, తలలు వంచుకొని, మనుషులు కూర్చుని ఉన్నారు. ఆ చివరిదాకా ఉన్నారు. అంతమంది ఉన్నా ఊపిరి చప్పుడు కూడా రానీయడం లేదు. నాకు అతి దగ్గరగా ఉన్న పిల్ల, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, నన్ను చూసి గట్టిగా కళ్ళు మూసుకుంది. తను చూడకపోతే నేనూ చూడలేనన్నట్టు.

వెనక నుంచి ఓనరు గొంతు వినిపించింది. “ఏమ్మా, లెక్క సరిపోయిందా?”

“సరిపోయింది సార్,” అన్నాను.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. అయినా జరిగింది అదే. సరిపోయిందని చెప్పి బయటికి నడిచి, నవ్వి, దండం పెట్టి బండెక్కాను.

మామిడి తోటలు దాటాం. మామ బండి పక్కకు ఆపాడు. “మొగం అట్లుండాదేమమ్మా?” చెప్పాను. అతను ఇంజను ఆపేశాడు.

“ఒక్కసారి ఒకామె కనపడిందమ్మా. పోయినేడు. బండి ఎనకాల తట్టు నిలబడి, ‘అన్నా, ఇది యే ఊరు?’ అనడిగింది. పిచ్చిదేమో అనుకుంటి. తిరుత్తణి కాడ అని చెప్పినాను. తిరుత్తణి, తిరుత్తణి అనుకుంటా లోపలికి పోయింది. పనిచేసే మనిషికి తానుండే ఊరు తెలవకుండా ఎట్లుంటాది అని నాకు తోచనే లేదు.”

ఆఫీసులో మేనేజరు అంతా విన్నారు. మొదట ఆయన అన్నది, అక్కడ కొనడం ఆపేద్దామని. నాకూ అదే సరైనదనిపించింది. కానీ ఆ సాయంత్రమే ఆయన తనకు తెలిసిన ఒకామెకు ఫోన్ చేశారు. వెట్టిచాకిరీ నుంచి మనుషులను విడిపించే సంస్థలో పనిచేసే ఆమె. మరునాడు మా ఆఫీసుకు వచ్చి, నేను చెప్పిందంతా రాసుకొని, ఒకటే మాట చెప్పింది.

“మీరు ఆర్డరు ఆపేస్తే ఆయనకు అనుమానం వస్తుంది. రెండు రోజుల్లో వాళ్ళని ఇంకో చోటికి మార్చేస్తాడు. అప్పుడు మనకు దొరకరు. ఎప్పటిలాగే ఉండండి. మీ చేతులు కడుక్కోవడం తర్వాత చూద్దాం.”

తమిళంలో కొత్తడిమై అంటారు వెట్టిని. పేపర్లో చూసినప్పుడల్లా అది ఎక్కడో ఇటుకబట్టీల మాట అనుకునేదాన్ని. ఆమె చెప్పే మనుషుల మధ్యే నేను వేలితో మొక్కలు లెక్కపెడుతూ నడిచొచ్చాను.

ఆర్డీవోకు అర్జీ వెళ్ళింది. నేను చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టాను. వాళ్ళు కదలడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేను ఓనరుతో మామూలుగా మాట్లాడాలి. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మల్లెమొక్కలు కొత్తగా వచ్చాయని చెప్పాడు. అమ్మకు వెల్లుల్లి నూనె రాయమన్నాడు. ఆ గొంతులో కొంచెం కూడా కరుకుతనం లేదు. చెడ్డగా మాట్లాడి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఫోన్ పెట్టేశాక చెయ్యి చీర కొంగుకు తుడుచుకునేదాన్ని.

పదకొండో రోజు పొద్దున మా లారీ ఎప్పటిలాగే లోడుకు పోయింది. గేటు తెరిచాక వెనకే ఆర్డీవో జీపు, పోలీసులు, ఆ సంస్థ ఆమె, నేను. ఓనరు నన్ను చూశాడు. పంచె సర్దుకొని కుర్చీలో కూర్చున్నాడు.

జీపు చప్పుడుకే వాళ్ళంతా పందిరి కిందికి దూరి ఉన్నారు. దాని దగ్గర నిలబడి ఒక అధికారి తమిళంలో గట్టిగా చెప్పాడు, భయపడొద్దు, బయటికి రండి అని. ఎవరూ లేవలేదు. రెండోసారి చెప్పాడు. వల కింద ఆకు కదల్లేదు. ఎవరు వచ్చి ఏం చెప్పినా లేవకూడదని వాళ్ళకు నేర్పి ఉంచారని అప్పుడు అర్థమైంది. పోలీసులు లోపలికి పోబోతే సంస్థ ఆమె ఆపింది. నా వైపు చూసింది.

నేను లోపలికి వెళ్ళాను. ఆ ముగ్గురిలో నాతో మాట్లాడిన ఆమె రెండో వరసలో ఉంది. పక్కన నేల మీద కూర్చున్నాను. చీరకు బురద అంటింది.

“అక్కా, లేచి రాండి. పోదాము.”

“మాకు ఏ కొరతా లేదు,” అంది.

“సరే అక్కా. ఈ పొద్దు ఏం వండుకున్నారు?”

ఆమె పెదాలు రెండుసార్లు కదిలి ఆగాయి.

“గెంజి,” అంది. తెలుగులో. తర్వాత చాలా చిన్నగా, “లేచినాక మళ్ళా కూసోమంటారేమో,” అంది.

“అనరు. నేను ముందు లేస్తాను, చూడు.”

నేను లేచాను. ఆమె నా మోచెయ్యి పట్టుకొని లేచింది. ఆమెను చూసి పక్కామె, ఆ పక్కామె. ఆకుల్లోంచి తలలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఎండలోకి వచ్చాక అందరూ చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

వాళ్ళు చిత్తూరు వైపు కొండ పల్లెలవాళ్ళు. అడ్వాన్సు ఇచ్చి ఒక ఏజెంటు తీసుకొచ్చాడు. ఆ అప్పు తీరిందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చుట్టూ ముళ్ళకంప, రాళ్ళ నేల. పారిపోకుండా ఉండడానికి ఓనరు చెప్పులు, ఆధార్ కార్డులు తీసి పెట్టుకున్నాడు. జాలీ కొట్టు తాళం తీస్తే ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు. చివరికి ఒక జత మిగిలింది. మగ చెప్పులు, బాగా అరిగినవి. ఎవరివని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జ్వరం వచ్చిన ఒక ముసలాయనను ఓనరు బండిలో తీసుకుపోయాడట, తిరిగి రాలేదట. రెండు వారాల తర్వాత సంస్థ ఆమె కబురు చెప్పింది. ఆయనను అరక్కోణం స్టేషనులో దింపేసి పోయారు. ఎవరో జాలిపడి రైలెక్కిస్తే ఇల్లు చేరి బతికే ఉన్నాడు. ఆ రెండు వారాలూ ఆ జత నా కళ్ళ ముందే ఉంది.

ఆర్డీవో ఆఫీసులో ఒక్కొక్కరి వాఙ్మూలం తీసుకొని విడుదల పత్రాలు ఇచ్చారు. వ్యానుల్లో సొంత ఊళ్ళకు పంపారు. ఓనరు మీద కేసు ఇంకా నడుస్తోంది. నేను రెండుసార్లు సాక్ష్యానికి పోయాను.

ఇంతటితో అయిపోతే, నేను మంచిపని చేశాననుకొని ఉండేదాన్ని. విడుదల పత్రాలిచ్చిన రోజు ఆర్డీవో ఆఫీసులో కార్డులు పంచుతున్న గుమాస్తా ఒకాయన తల ఎత్తకుండానే నన్ను అడిగాడు. “మీ కంపెనీలో పనోళ్ళ కార్డులు ఎవరి కాడ ఉంటాయమ్మా?”

వాళ్ళ దగ్గరే అని చెప్పబోయాను. అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆఫీసు బీరువాలో కింది అర. తోటమాలులను పంపే కాంట్రాక్టరు, గేట్ పాసుల కోసమని వాళ్ళ ఒరిజినల్ కార్డులు తెచ్చి నాకు ఇచ్చాడు. పోకుండా భద్రంగా ఉంటాయని నేనే అందులో పెట్టాను. ప్రతి సాయంత్రం రైలుకు పోయే ముందు ఆ బీరువాకు తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకొని ఇంటికి పోయేదాన్ని. రెండేళ్ళకు పైగా.

మరునాడు పొద్దున్నే వెళ్ళి ఆ అర తీశాను. రబ్బరు బ్యాండు వేసిన కట్ట. విప్పి బల్ల మీద పరిచాను. ఫోటోల్లోంచి అందరూ నన్నే చూస్తున్నట్టుంది. మేనేజరు వచ్చి నా వెనక నిలబడ్డారు. “నేను కూడా ఈ బీరువా తెరిచినాను, ఎన్నిసార్లో,” అన్నారు. ఆ రోజు ఆయనా నేనూ ఇద్దరం ఒక్కో చోటికి పోయి ఎవరి కార్డు వాళ్ళ చేతికి ఇచ్చి వచ్చాం.

తిరువళ్ళూరులోనే ఒక అపార్టుమెంటు తోటలో కలుపు తీస్తున్న ఒక అక్కకు కార్డు ఇచ్చాను. పులికాట్ సరస్సు ఒడ్డున పళవేర్కాడు పక్కనుంచి వచ్చిన మనిషి, నాకంటే పెద్దది. చేతులు తుడుచుకొని తీసుకొని, ఫోటో వైపు చాలాసేపు చూసింది.

“ఇది మీ కాడనే ఉండిందా?”

“అవునక్కా. తప్పయిపోయింది.”

“మాయమ్మ పోయినప్పుడు ఊరికి పోతానంటి. కార్డు ఆపీసులో ఉండాది, నువ్వు పోతే ఇంగ పని లేదు, కార్డు కూడా రాదు అన్నాడు కాంట్రాక్టరు. పోలేదు.” ఆమె గొంతులో కోపం లేదు. “మీకు తెలిసుంటే ఇచ్చేవాళ్ళేనేమో.”

నాకు తెలియదు. తెలుసుకోవాలనుకోలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

మరునాడు ఆమె పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. జీతం ఆమె ఖాతాలో వేయించి, తిరిగి వస్తే పని ఉంటుందని ఫోన్లో చెప్పాను. “సరేమ్మా,” అంది. అంతే. రాకపోవడం ఆమె ఇష్టం. ఇన్నాళ్ళకు అది చేయగలిగింది.

ఆ కాంట్రాక్టరును మాన్పించి, తోటమాలులను కంపెనీలోనే చేర్చుకున్నాం. ఫ్యాక్టరీవాళ్ళ కాగితం మళ్ళీ నింపాం. రెండు ప్రశ్నల పక్కన ‘ఉండింది’ అని రాసి, ఏం జరిగిందో కింద వివరించాం. సంతకం పెట్టేటప్పుడు మేనేజరు, “ఈ పని మనకు రాదులేమ్మా,” అన్నారు. వచ్చింది. ఆ ఫ్యాక్టరీవాళ్ళు ఏడాది పాటు ప్రతి మూడు నెలలకూ వచ్చి చూశారు.

ఇప్పుడు నేను నర్సరీలకు ముందుగా చెప్పి పోను. మన్ను తవ్వే చోటికీ, కొబ్బరిపొట్టు ఆరబెట్టే కళ్ళాలకూ కూడా పోతాను. ఓనరును ఆఫీసు గదిలోనే ఉండమని, పనివాళ్ళతో విడిగా, వాళ్ళ భాషలో మాట్లాడతాను. ఒడియావాళ్ళుంటే ఒడియా వచ్చిన మనిషిని తీసుకుపోతాను. కార్డు ఎవరి దగ్గరుంది, పోయిన నెల ఊరికి ఎవరు పోయొచ్చారు, జీతం ఎవరి ఖాతాలో పడింది అని అడుగుతాను. అన్నీ సరిగ్గా ఉన్న చోట కూడా, మొక్కలు తడిగా ఉండి మనుషులు కనపడకపోతే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

పోయిన వారం పొదటూరుపేట దగ్గర ఒక కొత్త నర్సరీకి పోయాను. మధ్యాహ్నం. బాట మీద ఎవరూ లేరు, ఆకుల మీద నీళ్ళు. వరసల మధ్య పాదాలు కనిపిస్తాయేమోనని వంగి చూశాను. అంతలో గులాబీ మడుల అవతల నుంచి ఒకామె అరిచింది.

“ఎవురమ్మా నువ్వు? అన్నం తినే యాళకు వచ్చి నిలబడినావు. అట్ల పక్కకు కూసో, అందురం తిని వస్తాము.”

అలాగే కూర్చున్నాను. వాళ్ళు తింటూ ఎవరి మీదో చెప్పుకొని నవ్వుకుంటున్నారు. వాళ్ళు తినడం అయ్యేదాకా నేను ప్రశ్నల కాగితం బయటికి తీయలేదు.